కుక్క ఉన్నది జాగ్రత్త

“మీ కళ్ళతో మీరే చూడండి మేడం!” అంటూ బసవపున్నయ్య తన ఫోన్‌ను కాలనీ సెక్రటరీ భానుశ్రీ ముక్కు దాకా తెచ్చాడు. “రోజూ వాకింగుకి వెళ్తుంటే ఈవిడ కుక్క మీద పడిపోతోందండీ. గేటుకి బోర్డు కూడా లేదు!”

గేటు లోపల తెరేసమ్మ కుక్క బెల్టు పట్టుకుని నిలబడింది. “మా పులి ఎవరి జోలికీ వెళ్ళదండీ. మాస్టారే రోజూ కర్రతో గేటు వాయించి రెచ్చగొడతారు.”

“నేనా? హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి!”

భానుశ్రీ వీడియో పెట్టి సౌండు పెంచింది. ముందు గేటు టంగుటంగున మోగింది. తర్వాత “రా, దమ్ముంటే రా! భౌ! భౌభౌ!” అని ఒక మగ గొంతు చించుకుంది. వీడియోలో పులి పూలకుండీ వెనక్కి పోయి దాక్కుంది. ఆఖర్న మొహమాటానికన్నట్టు ఒక్కసారి “భౌ” అంది.

“అదిగో, విన్నారా!” అన్నాడు బసవపున్నయ్య.

“మరి అంతకు ముందు మొరిగిందెవరండీ?” అంది భానుశ్రీ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఏదేమైనా బోర్డు పెట్టాల్సిందే. నేనే రాయించి తెచ్చాను. తప్పుల్లేకుండా.”

చంకలోంచి తీసిన బోర్డు మీద ఎర్రటి అక్షరాలు: ‘కుక్క ఉన్నది జాగ్రత్త’.

తెరేసమ్మ దాన్ని అందుకుని, తీగతో గేటుకి కట్టింది. అక్షరాలు మాత్రం లోపలి వైపున్నాయి.

“అటు తిప్పి కట్టారేంటండీ? వీధిలోవాళ్ళకి కనబడొద్దూ?”

“ఇది చదువుకోవాల్సింది మా పులి కదా మాస్టారూ!”

పులి బోర్డు వాసన చూసి, తలెత్తి బసవపున్నయ్య వంక చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.