ఎద్దు అడిగి పొడిపించుకున్న నెలవంక

దొడ్లో కర్రి ఎద్దు కాకిని పిలిచి, "నా డొక్క మీద నెలవంక ఒకటి పొడువు" అంది.

పక్కనే నెమరేస్తున్న గేదె విసుక్కుంది. "ఒళ్ళు కొవ్వెక్కిందా? కోరి పుండు చేసుకుంటావేం?"

"ముక్కు కుట్టి తాడేసినప్పుడు నన్నడిగారా? గిట్టలకు నాడాలు కొట్టినప్పుడు అడిగారా? ఈ ఒంటి మీద నేను కావాలనుకున్నది ఒక్కటైనా ఉండొద్దా?"

కాకి పొడిచింది. ఎద్దు కదల్లేదు. పుండు మానిన చోట తెల్లవెంట్రుకలు మొలిచి నెలవంక తేలింది. ఎద్దు మురిసిపోయింది.

ఒకనాడు ఆసామి దాన్ని చూశాడు. ప్రేమగా నిమిరి, పెళ్ళాన్ని కేకేశాడు. "భలే గుర్తే! ఇక ఇది ఎక్కడికి పారిపోయినా, మనదేనని ఇట్టే పట్టుకోవచ్చు."

ఎద్దు కాకి వంక చూసింది. "దీన్ని చెరపడం వచ్చా?"

"నాకు పొడవడమే వచ్చు" అంది కాకి.