రెండో బటన్

బండి అమ్ముతానని ఆర్విల్ దాణా కొట్టు గోడకు కాగితం అంటించాడు. వయోమింగ్ గాలికి అది చిరగకముందే మనుషులు రావడం మొదలుపెట్టారు.

వచ్చినవాళ్లు బండిని పరీక్షించారు. ఆర్విల్ వాళ్లను పరీక్షించాడు.

మొదట వచ్చినవాడు ఐరా. స్కూలు బస్సు నడుపుతాడు. పొట్టి మనిషి. టోపీ తీసి, పోయిన ఆర్విల్ భార్యను తలుచుకుని, "పాపం వెల్డా" అన్నాడు. టోపీ పెట్టుకుని పికప్ చుట్టూ తిరిగాడు. టైర్లను తన్ని చూశాడు. వెనక తలుపు లాగాడు. రాలేదు.

"మోకాలితో పైకి పొడిచి లాగాలి" అని ఆర్విల్ చేసి చూపించాడు.

"రోజూ ఊళ్లోకి పోవడానికి ఇంత బండి ఎందుకయ్యా? కొట్టు ముందు నిలపాలంటే రెండు బళ్ల చోటు కావాలి."

"ఎక్కి చూడు. తలుపు మీద రెండు బటన్లున్నాయి. ఒక్కోటి ఒక్కో మనిషి కొలతకు సీటునీ అద్దాలనీ సర్దుతుంది. రెండోది నొక్కు."

నొక్కాడు. సీటు గుయ్యిమంటూ వెనక్కి పోయి కిందికి దిగింది. అద్దాలు కదిలి ఆగాయి. పెడళ్లు ఐరా బూట్లకు అందలేదు.

"నన్ను బావిలోకి దించావేంటి! ఒకటోది నొక్కనా?"

"దాని మీద వేలు పెట్టకు. అది వెల్డాది."

"అయితే రెండోది నీదన్నమాట."

ఆర్విల్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "దిగు. నీకు సరిపోదు."

వెల్డా పోయి ఒక చలికాలం గడిచింది. పుట్టింటి పొలం అమ్మగా వచ్చిన వాటాతో ఆ బండిని కొత్తగా కొనుక్కుంది. శనివారం వస్తే గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని, కనుమ దాటి పందేలకు పోయేది. వెంట పోదామంటే ఆర్విల్‌కు గొడ్ల పని తెమిలేది కాదు. ఇప్పుడు ఆ స్టీరింగ్ మీద మరో మగాడి చేయి పడుతుందని తలుచుకుంటేనే అతని కడుపు మండేది. అయినా కాగితం అంటించాడు. ఆ సీటు ఎవడికి అతికినట్టు సరిపోతుందో, వాడు వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు.

రెండోవాడు పక్క పొలం బ్రూస్టర్. మనిషీ పెద్ద, గొంతూ పెద్దే.

"ఆ మూలనున్న నీ డొక్కు అమ్మక, బంగారంలాంటి దీన్ని అమ్ముతావేంట్రా?"

"ఎక్కు. రెండో బటన్ నొక్కు."

గుర్రపు ట్రైలర్ తగిలించి ఉంది. బ్రూస్టర్ బటన్ నొక్కి గేటుదాకా పోనిచ్చాడు.

"ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది గానీ, వెనక బరువు పడితే చర్చికి పోయే పిల్లలా బుద్ధిగా నడుస్తోందిరా ఇది! కానీ ఈ అద్దాల్లో ట్రైలర్ ఏది? ఆకాశం కనిపిస్తోంది." అద్దం సర్దడానికి చేయి చాపాడు.

"ముట్టుకోకు. దిగు."

"ఇంకా కొండ ఎక్కించనేలేదు!"

"దిగమన్నాను."

బ్రూస్టర్ దిగి నవ్వాడు. "నువ్వు బండి అమ్ముతున్నావా, పెళ్లికొడుకుని వెతుకుతున్నావా?"

ఆర్విల్ తాళం అడిగి తీసుకున్నాడు.

మూడోవాడు కనుమ అవతలి నుంచి వచ్చాడు. పేరు మెరిట్ అన్నాడు. పొడవైన మనిషి, సన్నని నడుము, ఇస్త్రీ చొక్కా. తనకూ గుర్రాలున్నాయన్నాడు. ట్రైలర్ లాగడానికీ, రోజూ తిరగడానికీ ఒకటే బండి చాలనుకుంటున్నాడట.

"ఇంత పెద్దది నేనెప్పుడూ నడపలేదు సార్" అన్నాడు.

వెల్డా పోయిన సంగతి కాగితంలోనే ఉంది. అతను ఆ మాట ఎత్తలేదు. వెనక్కి వెళ్లి, మోకాలితో పొడిచి తలుపు తెరిచాడు. లోపల చూసి మూశాడు. కొక్కెం చూశాడు, గొలుసులు చూశాడు.

ఆర్విల్ గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"రెండో బటన్ నొక్కు."

మెరిట్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నొక్కాడు. సీటు వెనక్కి పోయింది, దిగింది, ఆగింది.

కనుమ ఎక్కారు. ఇంజిన్ రొప్పలేదు. వేడి చూపించే ముల్లు పైకి లేవలేదు. దిగుడులో ట్రైలర్ ముందుకు తోసుకురాకుండా బ్రేకు పట్టి ఉంచింది. మెరిట్ రెండు చేతులతో నెమ్మదిగా తిప్పాడు. మోకాళ్లు ఎక్కడా తగల్లేదు. తల సీటు దిండుకు సరిగ్గా మధ్యలో ఆనింది. అద్దాల్లో ట్రైలర్ అంచులు రెండువైపులా తీర్చినట్టు కనబడ్డాయి కాబోలు, వాటి జోలికే పోలేదు. ఆర్విల్ రోడ్డు చూడలేదు. అతన్నే చూశాడు, పళ్లు బిగించి.

తిరిగొచ్చి పెరట్లో ఆపారు.

"బాగా లాగుతోంది సార్. కొలత తీసి కుట్టించినట్టుంది నాకు. తీసుకుంటాను."

ఆర్విల్ తాళం జేబులో వేసుకున్నాడు. "అమ్మను."

"మరి ఆ కాగితం?"

"చింపేస్తాను. దాని పని అయిపోయింది."

మెరిట్ మొహం తెల్లబోయింది. తలుపు మీది బటన్ల వైపు చూశాడు.

బతికున్నన్నాళ్లూ వెల్డా ఆ బండిని ఒక్కసారి కూడా మొగుడి చేతికివ్వలేదు.