గ్యాసు ఒకరికి, ఆదివారాలు ఒకరికి

గోవర్ధన్ చెప్పులు విప్పుతుంటే, వరండాలో కూర్చున్న ముసలాయన పేపరు దించి చూశాడు.

"పిల్లలున్నరా బేటా?"

"ఒక బిడ్డ. ఒకటో తరగతి."

"తోల్కరాలేదా?"

"విడాకులకు పిల్లల్ని తోల్కొస్తరా పెద్దాయనా?"

"నిజమే" అని ముసలాయన మళ్లీ పేపరు ఎత్తాడు.

అది నారాయణగూడలో లాయరు పద్మ గారి ఇల్లు. ముందు గదే ఆఫీసు. ఆదివారం పొద్దున.

తొంభై మూడో సంవత్సరం. గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించుకుంటే, పెళ్లి చేసుకొని, పిల్లల్ని కని, వాళ్లను బళ్లో వేశాక వచ్చే రోజులు.

లోపల త్రివేణి అప్పటికే కూర్చుంది. కాపురం చేసినన్నాళ్లూ "మీరు" అన్న మనిషి, విడిపోదామనుకున్న రోజు నుంచి "నువ్వు" అంటోంది. పంపకాల్లో గోవర్ధన్ మొదట పోగొట్టుకున్నది ఆ మర్యాదనే.

బీరువా ఆమెకు పోయింది. స్కూటరు ఈయనకు వచ్చింది. మిక్సీ చెడిపోయి ఉంది కనుక దాని దగ్గర మాత్రం ఇద్దరూ చాలా ఉదారంగా ప్రవర్తించారు.

పాప ఖర్చుల దగ్గర బండి ఆగింది.

"నెలకు ఎనిమిది వందలు," అంది త్రివేణి. "ఫీజు, బట్టలు, రిక్షా."

"ఆరు వందలు. రిక్షా దేనికి? బడి పక్క సందులనే గద."

"పాన్‌డబ్బా గూడ పక్క సందులనే ఉండె. నువ్వు స్కూటరేస్కొని పోకపోతివా?"

పద్మ గారు ఇద్దరికీ సమానంగా తల ఊపారు.

"గ్యాసు నాకు కావాలె," అన్నాడు గోవర్ధన్. "నా పేరు మీదున్నది."

త్రివేణి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గ్యాసు నువ్వే ఉంచుకో. ఆరు వందలే ఇయ్యి. కానీ ఆదివారం ఆదివారం తన్మయిని తీస్కపోవుడు బంద్. నువ్వు దింపిపోయినంక అది రాత్రంత ఏడుస్తది. నాతోని అయితలేదు."

గోవర్ధన్ ఆలోచించాడు. రెండు సిలిండర్లు. నెలనెలా రెండు వందల మిగులు. ఆదివారం అంటే ఏముంది? ఇందిరా పార్కు, ఉయ్యాల, పుల్లఐసు, ఆ తర్వాత ఇంకో పుల్లఐసు. పిల్ల ఎక్కడికి పోతుంది, చిక్కడపల్లిలోనే కదా ఉండేది. చూడాలనిపిస్తే చూడటమే.

"సరే," అన్నాడు.

"బేటా," అని వరండా కిటికీలోంచి వినిపించింది. "గ్యాసు ఇచ్చెయ్. కిరసనాయిలు స్టవ్ మీదైనా అన్నం ఉడుకుతది. ఆదివారం ఇడువకు."

గోవర్ధన్‌కు ఒళ్లు మండింది.

"మేడం, మీ మున్షీ అన్నీ వింటుండు."

"ఆయన మున్షీ కాదండి." పద్మ గారు పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీశారు. "కానీ ఆయన చెప్పింది ఒకసారి ఆలోచించండి. వచ్చే వారం రాసుకుందాం."

"ఆలోచించుడేముంది మేడం, రాయండి."

రాశారు. సంతకాలయ్యాయి.

పద్మ గారు స్వయంగా టీ కలిపి, గడప లోపల నిలబడి ముసలాయనకు అందించారు. లాయరు చేతి టీ తాగుతున్నాడంటే బాగా ఫీజు ఇచ్చే క్లయింటే అని గోవర్ధన్ తేల్చుకున్నాడు. ఏళ్ల తరబడి నలుగుతున్న కేసు అయ్యుంటుంది. కొంచెం జాలి కూడా పడ్డాడు.

పన్నెండు కాగానే ముసలాయన గొడుగు తీసుకొని గేటు వేసి వెళ్లిపోయాడు.

గోవర్ధన్ అశోక్‌నగర్‌లో గది కిరాయికి తీసుకున్నాడు. చుట్టూ గవర్నమెంటు పరీక్షలకు చదివే ఊళ్ల పిల్లలు. గ్యాసు ఉన్న గది ఇదొక్కటే కావడంతో అందరికీ అన్న అయిపోయాడు. ఆయనకు వంట రాదు. వాళ్లు వండితే తిన్నాడు. పప్పుకు తాలింపు వేస్తూ రాజ్యాంగం వల్లె వేసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి గోవర్ధన్‌కు ప్రాథమిక హక్కులన్నీ నోటికొచ్చాయి.

ఆదివారాలు మాత్రం గడిచేవి కావు.

ఒకసారి ఇందిరా పార్కు దాకా నడిచాడు. ఉయ్యాలలో ఎవరి పిల్లలో ఊగుతున్నారు. ఐసుబండి ఆయన అలవాటుగా రెండు పుల్లఐసులు తీసి, ఈయన పక్కన చూసి, ఒకటి మళ్లీ డబ్బాలో పెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు చిక్కడపల్లి మార్కెట్లో తన్మయి కనిపించింది. త్రివేణి అవతల బెండకాయల బేరంలో ఉంది.

"నాన్నా, ఊరి నుంచి ఎప్పుడొచ్చినవ్?"

"ఏ ఊరు బిడ్డా?"

"నువ్వు దూరం ఊర్ల ఉద్యోగం చేస్తున్నవని అమ్మ చెప్పింది."

అశోక్‌నగర్ అక్కడి నుంచి నడిచిపోయేంత దూరం.

"ఇప్పుడే వచ్చిన," అన్నాడు.

"మళ్ల ఎప్పుడు పోతవ్?"

గోవర్ధన్ స్కూటరు నారాయణగూడ వైపు తిప్పాడు.

"మేడం, గ్యాసు ఆమెకే ఇచ్చేస్త. ఎనిమిది వందలు కాదు, వెయ్యి ఇస్త. ఆదివారాలు వాపస్ ఇప్పియ్యండి."

"పిటిషన్ వేద్దాం," అన్నారు పద్మ గారు. "కానీ వద్దని సంతకం పెట్టింది మీరే. కోర్టులో, ఏడాది నుంచి పిల్లను చూడలేదని కూడా అంటారు. టైం పడుతది."

"ఎంత?"

"చెప్పలేనండి."

గోవర్ధన్ వరండా వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఆ పెద్దాయన మంచిగనే చెప్పిండు మేడం. నేనే వినలే. ఇయ్యాల రాలేదా?"

"మొన్న ఎండాకాలం పోయారు."



"పాపం. కేసు తెగకుండనే పోయిండా?"

పద్మ గారు కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచారు.

"కేసు నా చిన్నప్పుడే తెగిందండి," అన్నారు. "ఆదివారం పది నుంచి పన్నెండు దాకా, గడప దాటకుంట బిడ్డను చూస్కోవచ్చని జడ్జి రాసిండు, అమ్మ పోయినంక లోపలికి రా నాన్నా అని నేనెంత పిలిచినా, ఆయన ఆర్డరు తప్పలే."