మద్ది ఆకు దొంగ

బాలవ్వ మద్దిచెట్లకు ఆకు నిలవడం లేదు.

నలభై చెట్లు. దసలి పట్టుపురుగులు రెండు వేలు. తన చేత్తో లెక్కపెట్టి కొమ్మల మీదికి ఎక్కించింది. పచ్చటి పురుగు, పచ్చటి ఆకు. చెట్టెక్కాక మళ్లీ లెక్కపెట్టడం ఎవరి తరం? ఏటా ఆ లెక్కకు ఆకు సరిపోయి, ఇంకా మిగిలేది. ఈసారి పదిహేను రోజులకే కొమ్మలు బోడివయ్యాయి. పురుగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, బక్కచిక్కి పాకుతున్నాయి. తిండి చాలని పురుగు చిన్న గూడు కడుతుంది. చిన్న గూడును కొనేవాడు ముట్టుకోడు. ఈ చెన్నూరు అడవిలో పట్టు పోయిందంటే బాలవ్వకు ఏడాది బువ్వ పోయినట్టే.

పక్క చెట్లు నాగరాజువి. అవీ నలభయ్యే. ఆశకొద్దీ పురుగులు మాత్రం నాలుగు వేలు తెచ్చాడు. అయినా వాడి చెట్లు పచ్చగా కళకళలాడుతున్నాయి!

ఎట్లా? నా ఆకు కోసుకుపోయి మేపుతున్నాడు. ఇంకెట్లా?

రోజూ ఆమె గుడిసెలో బువ్వ తినే వేళకు వాడు బుట్ట చంకన పెట్టుకుని, పైన తువ్వాల కప్పి, ఆమె చెట్ల నడుమ నుంచి వస్తాడు. కుండలో నీళ్లు తాగుతాడు. కాసేపు ముచ్చట పెట్టి పోతాడు.

పోయేటప్పుడు బాలవ్వ అడ్డం నిలబడేది.

“బుట్ట దించురా.”

“మల్ల షురూ చేసినవా అత్తా?”

“దించుమంటే దించు.”

తువ్వాల లాగి, బుట్ట బోర్లించి దులిపేది. కొడవలి కింద పడేది. ఒక్క ఆకూ రాలేది కాదు.

“చెవులల్ల గూడ జూడు. ఆకులు వెట్టుకున్ననేమో!”

“పండ్లు రాలగొడ్త. నడువ్.”

గూళ్లు కట్టాయి. నాగరాజువి కోడిగుడ్లంత. బాలవ్వవి కుంకుడుకాయలంత.

పట్టుకాయలు, అంటే ఈ గూళ్లు, కొనే శ్రీహరి ఆమె కుప్పను కాలితో కదిపాడు.

“ఏందవ్వా గివి? చెట్టు మొయ్యనన్ని పురుగులు ఏసినవ్. ఆకు సాలక కడుపులు మాడినయ్.”

“రెండు వేలే ఏసిన! ఆకు దొంగలు వడ్డరు. నమ్మకుంటే కాయలు లెక్కవెట్టు.”

లెక్కపెట్టాడు. పిట్టలు తిన్నవి పోను, రోగంతో రాలినవి పోను, మూడు వేల రెండు వందలు.

అవతల నాగరాజు తన కుప్ప పక్కన కూర్చుని తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు.

పోయేటప్పుడల్లా దులిపిన ఆ బుట్టను, తన చెట్లలోకి వచ్చేటప్పుడు ఒక్కనాడూ తువ్వాల ఎత్తి చూడలేదని బాలవ్వకు అప్పుడు తట్టింది.