రేవులో కర్రలు

పాలామె చీర మోకాళ్లపైకి దోపి, క్యాను నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగింది.

కొండల నడుమ ఇటు పది ఇళ్లు, అటు ఇరవై ఇళ్లు. మధ్యలో ఏరు. పాలు తాగేవాళ్లంతా అటే.

మోకాలి లోతు నీళ్లలో ముసలాయన చివరి కర్ర పాతుతున్నాడు. అప్పటికే అవతలి ఒడ్డుదాకా వరసగా పాతేశాడు.

"చేపలేమైనా పడుతున్నాయా, తాతా?"

"ఏదీ పడకపోతేనే మంచిదమ్మా."

ఇదేం జాలరో అని నవ్వుకుంది. వంతెన కూలిన ఏడాది ఎక్కణ్ణుంచో వచ్చి, గట్టు మీద గుడిసె వేసుకున్నాడు. పన్నెండేళ్లుగా ఇదే పని.

ఏటి నడుమ మిగిలిన మొండి స్తంభాలు కనబడగానే ఆమె నోరు లేచింది. ఆ వంతెనతో పాటే ఆమె భర్తా పోయాడు.

"దీన్ని కట్టిన మేస్త్రీ చేతులు పడిపోను," అంది రోజూలాగే.

"అవునమ్మా," అన్నాడు ముసలాయన రోజూలాగే.

వాన పడ్డప్పుడల్లా ఇసుక కదిలి గుంటలు పడతాయని అందరికీ ఏరంటే హడల్. ఆమెకు మాత్రం లెక్కలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ కాలు జారలేదు మరి. కర్రల పక్కనే నడవడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం చిక్కుడు తీగకు పందిరి వేయాల్సి వచ్చింది. వెళ్లి రేవులో కర్రలు పదో పన్నెండో పీక్కొచ్చింది. ముసలాయనకు వేరే పనేముంది, మళ్లీ పాతుకుంటాడులే అనుకుంది.

రాత్రి ఎగువన వాన దంచికొట్టింది.

తెల్లారి వచ్చేసరికి రేవులో జనం. ముసలాయనను ఒడ్డున పడుకోబెట్టారు. బిగిసిన పిడికిట్లో ఇంకా పచ్చి కర్ర ఉంది.

"రోజూ నీకంటే ముందు దిగి, గుంటల్లేని దారి చూసి కర్రలు పాతేవాడు," అన్నాడు అవతలి ఊరి బడి మాస్టారు. "నిన్న ఎవరో పీకేశారట. మళ్లీ దారి వెతకబోయి తానే గుంటలో పడ్డాడు."

పాలామె క్యాను కింద పెట్టింది. అక్కడే తడి ఇసుకలో కూలబడింది.

"నేనే, మాస్టారూ. పందిరికని పీకాను."

ఎవరైనా తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

అయినవాళ్లకు కబురు చేద్దామని గుడిసెలో వెతికారు. ఒక చిరునామా లేదు, ఒక ఉత్తరం లేదు. గుడ్డలో చుట్టిన తుప్పు పట్టిన తాపీ ఒకటి దొరికింది.

"జాలరికి తాపీ ఎందుకు?" అందామె కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు తాపీని చేతిలోకి తీసుకుని, మొండి స్తంభాల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"నువ్వు రోజూ తిట్టే మేస్త్రీ ఈయనేనమ్మా."