నాలుగు గంటల కవరు

"ఫోను ఇక్కడే ఉంది, హ్రాంత్ సర్కీసొవిచ్. 'ఓడిపోయాను' అని ఒక్క ముక్క చెప్పండి, చాలు," అన్నాడు లెవ్ బోరిసొవిచ్, హోటలు గది కిటికీ దగ్గర నిలబడి.

హ్రాంత్ పల్చటి రొట్టెలో జున్ను చుట్టుకున్నాడు. అతను లెనినకాన్ ఊరి బడిలో భూగోళం చెప్పే మాస్టారు. యెరెవాన్ చదరంగం టోర్నమెంటులో పది ఆటలాడి పదీ ఓడాడు. ఆఖరి ఆట, నాలుగేళ్ళుగా ఓటమి ఎరగని ప్రపంచ ఛాంపియన్ స్ట్రెల్నికోవ్‌తో. నిన్న ఐదు గంటలు ఆడినా తేలలేదు. ఆనవాయితీ ప్రకారం ఛాంపియన్ తన తరువాతి ఎత్తు కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, న్యాయనిర్ణేతకు ఇచ్చాడు. ఇవాళ నాలుగింటికి దాన్ని తెరిచి ఆట సాగించాలి.

"మీకు ఒక బంటు తక్కువ," అన్నాడు లెవ్. అతను ఛాంపియన్ సహాయకుడు.

"ఆ బంటు నేనే వదిలాను."

"పోగొట్టుకున్నవాళ్ళంతా అదే అంటారు. ఇప్పుడే ఒప్పుకుంటే కవరు విప్పే పనుండదు. ఆయన మూడింటి విమానం ఎక్కుతాడు. వచ్చే ఏడు మాస్కో టోర్నమెంటులో మీ పేరుండేలా నేను చూస్తాను."

"ఒప్పుకోకపోతే?"

"ఇక మిమ్మల్ని ఎక్కడికీ పిలవరు."

టీ తెచ్చిన ముసలి పనిమనిషి సిరానుష్, సాసరులో రెండు చక్కెర బిళ్ళలు ఎక్కువే పెట్టింది. "తిననివ్వు నాయనా. ఉరితీసేవాడైనా ముద్ద దిగేదాకా ఆగుతాడు."

లెవ్ నవ్వలేదు.

హ్రాంత్‌కు నిన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. ఆ కాగితం ముందు ఛాంపియన్ నలభై నిమిషాలు కూర్చున్నాడు. పోతూ మఫ్లరు కుర్చీకే వదిలేశాడు. రేపు వచ్చి తీసుకోవచ్చులే అన్న ధీమా కాబోలనుకున్నాడు హ్రాంత్.

"మా బడి పిల్లలు రేడియో దగ్గర కూర్చుంటారు, లెవ్ బోరిసొవిచ్. పది ఓటములూ వాళ్ళ దగ్గర దాచలేదు. పారిపోయానని మాత్రం చెప్పలేను. ఓడితే బల్ల దగ్గరే ఓడతాను."

"మొండిఘటానివయ్యా, మాస్టారూ."

"మా ఊరి రాయే అంత."

నాలుగింటికి హ్రాంత్ బల్ల ముందు కూర్చున్నాడు. ఎదుటి కుర్చీకి మఫ్లరు ఇంకా వేలాడుతోంది, మనిషి లేడు.

"ఆలస్యంగా రావడమూ ఆయన దర్జాయే," అన్నారెవరో వెనక వరసలో.

న్యాయనిర్ణేత కవరు చించి చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కాగితాన్ని మెల్లగా హ్రాంత్ వైపు తిప్పాడు.

ఛాంపియన్ రాసింది ఒక్క ముక్కే: "ఓడిపోయాను."