రెండు గర్జనలు

పొద్దు కుంకేసరికి ఏటికి ఇవతల రెండు గర్జనలు వినపడాలి. ఒక్కటి తగ్గినా ఎండిన వాగులో ఉన్న నాలుగు సింహం కూనలూ చచ్చినట్టే.

ఆ సంగతి సిరొంకాకి తెలిసినంతగా మారా అడవిలో ఇంకెవరికీ తెలియదు. సింహాల కాపలా అతని ఉద్యోగం. పదేళ్ళుగా వాటి వెనకే తిరుగుతున్నాడు. ఏది ఎక్కడ పడుకుందో రాసుకోవాలి, ఏది అరిచినా ఆ అరుపు రికార్డు చేసి ఆఫీసుకి పంపాలి.

ఏటికి అవతల మూడు మగసింహాలు మకాం వేశాయి. మంచి వయసులో ఉన్నవి, సొంత జాగా లేనివి. ఇవతలి సింహాల మందకి కాపలా రెండు మగసింహాలు, అన్నదమ్ములు. తమ్ముడి పేరు ఒల్చొరే, మా భాషలో స్నేహితుడు అని. వాగు దగ్గర కూనల్ని కాచుకుని ఉండేది అదే. పొద్దున్నా సాయంత్రం అది అరిస్తే కొండబండ వైపు నుంచి అన్న గొంతు బదులిస్తుంది. అవతలి మూడూ ఆ రెండు గొంతులూ విని, లెక్క చూసుకుని ఆగిపోతాయి. సింహాలు మనలా కాదు, ఎదుటివాడి బలం తెలియకుండా కొట్లాటకి దిగవు.

కిందటేడు పక్క మందలో మగవి మారాయి. కొత్తగా వచ్చినవి ఏడు కూనల్ని కొరికి చంపాయి. తల్లులు మూడు రోజులు వాటిని పిలుచుకుంటూ తిరిగాయి. సిరొంకాకి అన్నం సయించలేదు. అందుకే ఈసారి ఏటి గట్టున కొత్త జాడలు కనపడగానే ఆఫీసుకి పరిగెత్తాడు.

"ఎలాగైనా వాటిని తరమండి సార్. పసికూనలు."

"అడవి గొడవ అడవిది. నీ పని లెక్కపెట్టడం, అంతే," అన్నాడు ఆఫీసరు.

కూనలు తమ బతుకు తాము బతకాలంటే రెండేళ్ళు పడుతుంది. ఇప్పటికి గడిచింది మూడు నెలలు.

రోజూ మధ్యాహ్నం సిరొంకా సంచి భుజాన వేసుకుని బండ దగ్గరికి బయల్దేరతాడు. భార్య నసియెకు ఊరుకునే రకం కాదు.

"ఏమయ్యా, ఆ బండ దగ్గర రెండో పెళ్ళాన్ని పెట్టావా ఏంటి?"

"పెట్టాను. నీలా తిండి అడగదు. కాస్త ఎండ తగిలితే చాలు దానికి."

"అయితే నన్నూ ఎండలో కూర్చోబెట్టు, పాలు మిగులుతాయి." పకపకా నవ్వింది. "ఆ తమ్ముణ్ణేమో ఒల్చొరే, ఒల్చొరే అని తెగ ముద్దు చేస్తావు. పెద్దదాని పేరు నీ నోట రాదేం? మనం పోయినవాళ్ళ పేరు పలకనట్టు!"

సిరొంకా టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలుస్తామా ఎవరైనా?" అంటూ వెళ్ళిపోయాడు.

ఈమధ్య ఒల్చొరే వాలకం అతనికి నచ్చడం లేదు. అరవడం అయ్యాక వాగు వదిలి బండ వైపు నడుస్తోంది. ఆగి వింటోంది. మళ్ళీ నడుస్తోంది. రోజురోజుకీ ఇంకాస్త దూరం వస్తోంది.

"నీకు దణ్ణం పెడతాను, పోరా. నీ పిల్లల దగ్గరికి పో," అని బైకు మీంచే బతిమాలాడు. అది అతని వంక చూడనైనా లేదు.

ఓ రోజు తెల్లవారుతుండగా ముసలి పర్మువాట్ రొప్పుతూ వచ్చాడు. వాగు పక్కనే అతని ఆవుల దొడ్డి.

"ఒరేయ్ సిరొంకా, నిన్న సాయంత్రం ఒక్క గర్జనే వినపడిందిరా. ఆ తర్వాత వాగులో ఒకటే గోల."

"ఏది వినపడింది బాబాయ్? వాగుదా, బండదా?"

"బండదే. తమ్ముడు నోరు మెదపలేదు."

బైకు మీద ఇద్దరూ వాగుకి వెళ్ళారు. కూనలు నాలుగూ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అవతలి మూడూ ఇసుకలో కాళ్ళు బారజాపుకుని పడుకున్నాయి. సిరొంకా ముసలాయన ముందే భోరుమని ఏడ్చాడు.

"ఊరుకోరా. తమ్ముణ్ణి కూడా చంపేశాయేమో, చూద్దాం పద."

ఒల్చొరే బతికే ఉంది. బండ కింద ముళ్ళకంప కుప్పకి మొహం ఆనించి పడుకుంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఇంత దగ్గరికి వచ్చేశాక ఇంక అరిచి పిలవడం దేనికనుకుందేమో. దూరంగానే బైకు ఆపారు.

"పిల్లల్ని గాలికొదిలేసి ఇక్కడేం చేస్తోందిరా ఇది? అన్న ఏది మరి? నిన్న అరిచింది ఇక్కణ్ణుంచే కదా?"

తూర్పున పొద్దు పొడిచింది. ఒల్చొరే చెవులు నిక్కించి, కంపని ఇంకాస్త హత్తుకుంది.

టైము తప్పకుండా, ఆ కంప కింద సిరొంకా దాచిన స్పీకరు పెట్టె, మూడు నెలల కిందట చచ్చిపోయిన అన్న గొంతుతో గర్జించింది.